ఇద్దరికీ ఒకే కాగితం

2 నవంబర్ 1986, ఆదివారం

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఇంతకంటే గట్టి తాళం నల్లగొండ మొత్తంలో దొరకదు.

ఈరోజు ఎన్‌సీసీలో మొదటి ఫైరింగ్. పానగల్ దారిలో, గుట్ట కింద రేంజ్. మనిషికి ఐదు రౌండ్లు, అంటే ఐదు గుండ్లు. నాకు ఎడమ కన్ను ఒక్కటే మూయడం రాదు, మూస్తే రెండూ మూసుకుపోతాయి. మాకు తుపాకీ నేర్పే దుర్గయ్య ఉస్తాద్ నా కర్చీఫే తీసుకుని ఎడమ కంటికి గంత కట్టించాడు. సెకండియర్ మొత్తం పగలబడి నవ్వింది. నవ్విన వాళ్ళలో సగం మందికి టార్గెట్ కాగితమే తగల్లేదు, అది వేరే సంగతి.

నాగులమ్మకు మాత్రం ఐదూ తగిలాయి. వాళ్ళది పానగల్, గొర్రెలు కాసుకునే ఇల్లు. క్లాసులో నా బెంచీయే. కాల్చాక ఏమీ జరగనట్టు లేచి మోచేతుల మట్టి దులుపుకుంది. నాకు ఒళ్ళు మండింది.

9 నవంబర్, ఆదివారం

టార్గెట్ కాగితాలకు కరువట. ఏడాదికి వచ్చేవే కొన్ని, అందులో సగం చెదలు తిన్నాయి. అందుకని ఉస్తాద్ ఒక్కో కాగితాన్ని అరగదీసే పద్ధతి నేర్పాడు. ఇద్దరికి ఒక కాగితం. ఒకరు కాల్చాక రంధ్రాల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టాలి, తర్వాత రెండోవాళ్ళు కాల్చాలి. అందరిదీ అయ్యాక పేపరు ముక్కలు, మైదా లై జిగురుతో ముందూ వెనకా అతుకులు. నడిమి నల్ల చుక్కలో పడ్డవాటికి సిరా పూసిన ముక్కలు. అతుకులు మరీ మందమైతే నీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, తీగ మీద ఆరేసి, మళ్ళీ మొదలు.

నాకు జోడీ నాగులమ్మ. ఆమెవి ఎర్ర సున్నాలు, నావి నీలం.

ఉస్తాద్‌ది ఆత్మకూరు. ఆర్మీలో ఎన్నేళ్ళు చేసినా మాట మారలేదు. అతికేసుడుకు ఉరుకకుండ్రి, ముందుగాల సదువుండ్రి అన్నాడు. రంధ్రాలన్నీ ఒక్క జాగాలనే ఉండి నడిమిట్ల లేకుంటె తప్పు తుపాకిది, గురి చూసే సైటు జరపాలె. కిందికీ మీదికీ వరుసగ పడితె ఊపిరి ఆపుతలేరు. కుడి దిక్కు కిందికి జారితె వేలు గుంజుతున్నరు. గా కాగితం మీకంటె నిజం చెప్తది అన్నాడు.

నావి కుడివైపు కిందకి జారాయి. అమ్మీ కూడా ఇదే అంటుంది, నాకు అన్నిటికీ తొందరేనని.

16 నవంబర్

ఈరోజు నా ఐదూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగాయి. చదవడం వచ్చేసింది!

23 నవంబర్, ఆదివారం

సికింద్రాబాద్‌లో పోటీ క్యాంపు, పది రోజులు. మా కాలేజీ నుంచి ఒక్కరే. వచ్చే ఆదివారం సెలక్షన్. నేనో నాగులమ్మో అని అందరికీ తెలుసు.

ఇంట్లో చెప్పాను. అమ్మీ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆడపిల్ల పది రోజులు ఊరుగాని ఊరిలో, అదీ తుపాకీ పట్టుకునా అంది.

26 నవంబర్

అబ్బా గడియారం సెంటర్‌లో వాచీలు రిపేరు చేస్తాడు. మధ్యాహ్నం టిఫిన్ తీసుకుపోతే, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే, సెలక్టయితె పో బేటీ, ఎవడేమంటడో నేను చూస్కుంట అన్నాడు. నేను ఏడ్చాను. గిరాకీ ముందు ఏడ్చినందుకు తిట్టాడు కూడా.

30 నవంబర్, ఆదివారం

నేనే!

సెలక్షన్‌కైనా ఉస్తాద్ కొత్త కాగితం పెడతాడనుకున్నాం. పెట్టలేదు. ఉన్న రెండూ పోటీకి దాచాడు. పొద్దున వేసిన అతుకులు ఇంకా తడిగానే ఉన్నాయి. ముందు నాగులమ్మ కాల్చింది. వెళ్ళి చూస్తే నాలుగే రంధ్రాలు. ఉస్తాద్ నాలుగు ఎర్ర సున్నాలు చుట్టి, ఒకటి మిస్ అన్నాడు. ఐదూ తాకినయ్ ఉస్తాద్ అంది నాగులమ్మ. ఆయన మళ్ళీ చూశాడు, వెనక్కి తిప్పీ చూశాడు. నాలుగే. ఆమె నావైపు చూసింది. నేను నా షూ లేసు చూసుకున్నాను.

తర్వాత నేను. ఐదు రంధ్రాలు, విడివిడిగా, ఐదు నీలం సున్నాలు.

ఇంటి దగ్గర గురిపెట్టడం ప్రాక్టీసు చేసుకోమని ఆ కాగితం నాకే ఇచ్చాడు. గోడకి అంటించాను. అబ్బా ఇప్పటికే సెంటర్లో చాయ్ బండి నుంచి బట్టల కొట్టు దాకా అందరికీ చెప్పి వచ్చాడు.

2 డిసెంబర్, మంగళవారం

రాయబుద్ధి కావడం లేదు. రాస్తాను.

కాగితం అతుకులతో ఉబ్బిపోయిందని తీసి తాంబాళంలో నానబెట్టాను. ఒక ఎర్ర సున్నా పెద్ద అతుకు అంచు మీద ఉంది. ఆ అతుకు ఊడదీస్తే, దాని కింద అసలు కాగితంలో, పాత రంధ్రం పక్కన, కొత్తగా పడ్డది ఒక రంధ్రం కాదు. రెండు. ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన రెండు గాజుల్లాగా. ముందూ వెనకా ఉన్న తడి ముక్కలు గుండు పోగానే మళ్ళీ ముడుచుకున్నాయి, అందుకే ఎవరికీ కనపడలేదు.

నాగులమ్మవి ఐదూ తగిలాయి. నాకంటే దగ్గరదగ్గరగా తగిలాయి.

కాగితం పొయ్యిలో పెట్టాలనిపించింది. ఎంతసేపు అనిపించిందో చెప్పను.

3 డిసెంబర్

నాగులమ్మకు చూపించాను. రెండు రంధ్రాల అంచులూ వేలితో తడిమింది. నేను గా దినమే చెప్పిన గదా, నువ్వు పక్కకే ఉన్నవ్, ఒక్క మాటన్న అనకపోతివి అంది. నాకు తెలియదు కదా అన్నాను. అది నిజమే. తెలుసుకోవాలని కూడా నాకు లేదు, అదీ నిజమే.

గిప్పుడు నాకిస్తె దానం చేసినట్టుంటది, నాకు వద్దు అంది. నాది కానిది నేనెట్లా దానం చేస్తానే అని అరిచాను. ఇద్దరం ఏడ్చాం. ముక్కు తుడుచుకుని, మీ నాయిన ఏమంటడో అంది. అప్పటిదాకా నేను ఆ ఆలోచనే చేయలేదు.

4 డిసెంబర్, గురువారం, సాయంత్రం 6

పొద్దున కాగితం ఉస్తాద్ ముందు పెట్టాను. ముఖం నల్లబడింది. తప్పు నాదే బిడ్డా, కాగితానికి ఆశపడ్డ, తప్పయిందని నేనే రాసిస్త అన్నాడు. ఎన్‌సీసీ మేడం ఒప్పుకోలేదు. క్యాంపు వచ్చే వారమే, ఇప్పుడు తగాదా అని రాస్తే మన సీటు ఇంకో కాలేజీకి పోతుందట. ఒకటే దారి ఉందట. నాకు వెళ్ళడం ఇష్టం లేదని తండ్రి సంతకంతో కాగితం ఇస్తే, రెండో పేరు పంపవచ్చు. ఇంట్లో ఒప్పుకోలేదని రాయి, ఎవరూ మళ్ళీ అడగరు అంది. ఎందుకు అడగరో ఆమె చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి మీద ఒప్పుకోలేదని రాయాలి.

దుకాణానికి వెళ్ళాను. అబ్బా భూతద్దం పెట్టుకుని రంధ్రం చూశాడు. దో అన్నాడు, అంతే. నేను మిగతాది చెప్పాను. రాయి అన్నాడు. నిన్ను ఏమంటారో తెలుసా అబ్బా, సెంటరంతా నువ్వే చెప్పి పెట్టావు అన్నాను. అననియ్యి, ఆ పిల్ల నాయినకు రేపు నా మొఖం ఎట్ల చూపియ్యాలె మరి అన్నాడు. ఉర్దూలో సంతకం పెట్టి, పక్కనున్న వాచీ అందుకున్నాడు.

వద్దంటాడని లోపల ఆశపడ్డాను. ఈ తాళం వెనక తప్ప ఆ మాట ఎక్కడా చెప్పలేను.

5 డిసెంబర్

ఆఫీసు క్లర్కు కాగితం చదివి, మీవోళ్ళు పంపరని నేను ముందుగాలనే అనుకున్న అన్నాడు, జాలిగా. ఆ జాలికి చెంప పగలగొట్టాలనిపించింది. థాంక్స్ అని వచ్చేశాను.

10 డిసెంబర్, బుధవారం

నాగులమ్మ బస్సెక్కింది. వాళ్ళ నాయిన బీరప్ప, గొంగడి భుజాన వేసుకుని, బస్సు మలుపు తిరిగాక కూడా నిలబడే ఉన్నాడు. ఉస్తాద్ దాచిన రెండు కొత్త కాగితాలూ ఆమె ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

12 డిసెంబర్, శుక్రవారం

జుమా నమాజ్ తర్వాత ఎవరో పెద్దమనిషి మసీదు మెట్ల మీద అబ్బా చేయి పట్టుకుని, షాబాష్ అహ్మద్ అలీ, బిడ్డను తోలకుండ మంచి పని చేసినవ్ అన్నాడట. పదిమంది తలలు ఊపారట. అబ్బా చేయి విడిపించుకుని చెప్పులు వెతుక్కున్నాడట. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని, తినకుండానే చేయి కడుక్కున్నాడు.