అప్లికేషన్ కోసం ఎత్తిన చెయ్యి

సెప్టెంబర్ 11

ఇలియాస్‌తో వీడియో కాల్. బిజినెస్ స్కూలు అప్లికేషన్లు దిద్దిపెట్టే కన్సల్టెంట్ అతను. నా మార్కులు బాగున్నాయన్నాడు. బ్యాంకులో ఆరేళ్ల అనుభవం, అదీ బాగుందన్నాడు. తరవాత నిట్టూర్చాడు. బోతగోజ్ గారూ, మీ ప్రొఫైల్ ఉప్పు మర్చిపోయిన సూప్‌లా ఉందండీ అన్నాడు. లీడర్‌షిప్ లేదట. ఇద్దరు ట్రైనీలకు పని నేర్పానన్నాను. ఆవలించాడు. మీ మాట వినాల్సిన అవసరం బొత్తిగా లేనివాళ్లని నడిపించి చూపించండి, జనవరి దాకా టైముంది అన్నాడు.

ఆ ట్రైనీల్లో ఒకడు నిన్ననే నాకు బాస్ అయ్యాడని అతనికి చెప్పలేదు. ఈ ఏడు ఎలాగైనా ఐరోపాకి చదువుకి వెళ్లాలి.

అమ్మకి ఫోన్ చేశాను. చిన్నప్పట్నుంచీ ఇంటిల్లిపాదినీ ఆడిస్తున్నావు కదే, అదే రాసెయ్ అంది.

సెప్టెంబర్ 20

కుక్కల షెల్టర్‌లో వాలంటీర్‌గా చేరాను. కరిచింది.

సెప్టెంబర్ 28

మా బిల్డింగ్ మీటింగ్. కింద మెట్ల దగ్గర అందరం నిలబడే మాట్లాడుకున్నాం. తొమ్మిది అంతస్తులకీ ఉన్న ఒక్క లిఫ్టూ ఈ వారం పూర్తిగా చచ్చింది. ప్రతి ఇంటివాళ్లూ సంతకం పెడితే నగరపాలక సంస్థ వాళ్లే కొత్తది వేస్తారట. పాత చెయిర్మన్ ఏడాదిగా ఈ సంతకాల కోసం తిరిగి తిరిగి విసిగిపోయాడు. మీరూ మీ లిఫ్టూ ఏమైనా అవ్వండి అని తాళాల గుత్తి నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడెవరు? అందరూ బూట్ల వంక చూసుకున్నారు. నాకు ఇలియాస్ ఆవలింత గుర్తొచ్చింది. చెయ్యెత్తాను.

తొమ్మిదో అంతస్తు రౌషన్ అపా (మా కజఖ్‌లో పెద్దావిడల్ని అపా అనే పిలుస్తాం), రిటైరైన జాగ్రఫీ టీచరు, నీకు పెళ్లయిందా అమ్మాయ్ అని అడిగింది. లేదన్నాను. మంచిదే, తీరిక ఉంటుంది అంది. చప్పట్లు కొట్టారు.

అక్టోబర్ 17

సంతకాలంటే సంతకాలు కావు, టీలు. ప్రతి ఇంట్లో కూచోబెట్టి మూడేసి గిన్నెలు తాగిస్తారు. పక్కన నూనెలో వేయించిన వేడివేడి బౌర్సాక్ రొట్టెలు, జామ్. అవి తినకపోతే పెన్ను దొరకదంటారు. ఆఫీసు స్కర్టు బిగుతైంది. ఇలియాస్ మాత్రం మహా సంబరపడ్డాడు. దీన్నే స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ అంటారండీ, ఆపకండి అన్నాడు.

అక్టోబర్ 30

ఒక్క సంతకం మిగిలింది. మొదటి అంతస్తు జుమాబెక్ అన్న. మా దగ్గర మొదటి అంతస్తంటే నేల మీదే. నాకెందుకమ్మా లిఫ్టు, సోఫాలోంచి లేస్తే వీధిలో ఉంటాను అన్నాడు. మీకు పోయేదేముందన్నా అన్నాను. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. లిఫ్టు లేదు కాబట్టి ఆ తొమ్మిదో అంతస్తావిడ వారానికోసారే దిగుతోంది, బాగైతే రోజూ ఆ మొహం చూడాలి, నావల్ల కాదు తల్లీ అన్నాడు.

నవంబర్ 2

రెండు వైపులా విన్నాను. పదేళ్ల కిందట జుమాబెక్ అన్న కూతురి నిశ్చితార్థం. వియ్యాలవారికి పెరట్లో బల్లలు వేశాడు. సరిగ్గా అప్పుడే రౌషన్ అపా బాల్కనీలోంచి తివాచీ దులిపింది. శీతాకాలమంతా పేరుకున్న దుమ్ము వియ్యపురాలి కొత్త టోపీ మీద, మాంసం పళ్లెం మీద పడింది.

అపాని అడిగితే, తివాచీ దులపక ముద్దెట్టుకోమంటావా, కింద పెళ్లివారున్నారని నాకేమన్నా శుభలేఖ ఇచ్చాడా అంది. అసలు నొప్పి అక్కడుంది. ఆవిణ్ణి పిలవలేదు.

క్షమాపణ చెప్పమన్నాను. చెప్పనంది. పోనీ ఆయన్ని చెప్పమన్నాను. తలుపు వేసుకున్నాడు.

నవంబర్ 9

నాయకత్వం అంటే ఏమిటో పుస్తకంలో చదువుతూ కూచున్నాను. రౌషన్ అపా తలుపు తట్టింది. నా మొహం చూసి, నువ్వు పక్కకి తప్పుకో, నేను చూసుకుంటా అంది.

నవంబర్ 14

అపా నాలుగు రోజులుగా రోజూ దిగుతోంది. కర్ర పట్టుకుని, ఆయాసపడుతూ. జుమాబెక్ అన్న కిటికీ ఎదురుగా బెంచీ మీద కూచుని పొద్దుతిరుగుడు గింజలు నములుతోంది. సంచీలో బంగాళాదుంపలు. జనం పోగయ్యే వేళ చూసి, నాయనా జుమాబెక్, పెద్దదాన్ని, ఈ సంచీ కాస్త పైకి చేర్చవూ అని పాట పాడినట్టు పిలుస్తోంది. పెద్దావిడ అందరి ముందూ అడిగితే కాదని ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు? మోస్తున్నాడు. తొమ్మిది అంతస్తులు. ఇవాళ ఆరో అంతస్తులో ఆయన గొణుగుడు విన్నాను. ఇంత బంగాళాదుంప ఎవరు తింటున్నారే నీ ఇంట్లో అని.

ఎవరూ తినడం లేదు. అవే దుంపల్ని పొద్దున్నే సంచీలో వేసుకుని మళ్లీ దిగుతోంది.

నవంబర్ 16

సంతకం పెట్టాడు. పెన్ను కాయితాన్ని చీల్చుకుని కిందికి దిగింది.

నవంబర్ 17

గెలిచింది అపా కదా, నేనని ఎలా రాయను అన్నాను ఇలియాస్‌తో. డెలిగేషన్ అని రాయండి, పని ఇంకొకరికి అప్పగించడం కూడా లీడర్‌షిప్పే అన్నాడు.

రాశాను. పంపేశాను.

జనవరి 25

కొత్త లిఫ్టు. లోపల అద్దం కూడా ఉంది. జుమాబెక్ అన్న ఏ పనీ లేకుండా రెండు సార్లు పైకీ కిందికీ తిరిగాడు.

ఫిబ్రవరి 6, సాయంత్రం

ఇంటర్వ్యూ. స్క్రీన్ మీద ఐరోపా నుంచి ఒక పెద్దావిడ, తెల్లటి జుట్టు. అంతా సాఫీగా సాగుతోంది. ఇంతలో జుమాబెక్ అన్న తలుపు బాదుతూ లోపలికొచ్చేశాడు. కొత్త లిఫ్టు ఐదుకీ ఆరుకీ మధ్య ఆగింది, ముసల్ది లోపలుంది, పాట పాడినట్టు పిలవడం కూడా లేదు, నాకు భయంగా ఉంది అన్నాడు.

మేడమ్‌కి సారీ చెప్పి పరిగెత్తాను. మెకానిక్‌కి ఫోన్ చేసి, అతనొచ్చేదాకా తలుపు సందులోంచి అపాతో మాట్లాడుతూ నిలబడ్డాను. ఊరకనే భయపెడుతున్నారు, కునుకు తీస్తున్నా అంది. బయటికొచ్చాక నా చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఇంటర్వ్యూ పోయిందనుకుంటూ ఇంటికొచ్చాను. జుమాబెక్ అన్న నా కుర్చీలో కూచుని ఉన్నాడు. అతిథిని ఒంటరిగా వదిలి పోకూడదని ఉండిపోయాడట. మేడమ్‌కి కజఖ్‌లో తివాచీ కథంతా చేతులతో దులిపి మరీ చెబుతున్నాడు. ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటోంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు, ఈయనకి మీ మీద మాత్రం కోపం లేదని తెలుస్తోంది అంది నాతో.

తరవాత ఆఖరి ప్రశ్న. సంతకం పెట్టనివాణ్ణి మీరెలా ఒప్పించారు? డెలిగేషన్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒప్పించింది నేను కాదండీ, లిఫ్టులో ఇరుక్కున్నావిడ అని నిజం చెప్పేశాను. మరి మీరేం చేశారు అంది. ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడరో తెలుసుకున్నాను, టీలు తాగాను అన్నాను.

ఏదో రాసుకుంది. ఇలియాస్‌కి చెబితే ఫోన్ పెట్టేశాడు.

మార్చి 19

సీటు వచ్చింది!!! బ్యాంకు టాయిలెట్‌లో నోరు మూసుకుని గెంతాను. రౌషన్ అపా మ్యాపు తీసి ఆ ఊరెక్కడుందో నాకే పాఠం చెప్పింది. జుమాబెక్ అన్న మాత్రం, అక్కడ లిఫ్టులు బాగానే ఉంటాయిలే అన్నాడు.

ఏప్రిల్ 11

చెయిర్‌పర్సన్ పదవికి రాజీనామా. సగం మంది మీటింగ్‌కి హాజరైతేనే చెల్లుతుంది. మీటింగ్ అని అన్ని తలుపులకీ నోటీసు అంటించాను.

ఒక్కరూ రాలేదు. అన్ని కిటికీల్లో దీపాలున్నాయి, అంతా ఇళ్లలోనే ఉన్నారు. మొదటి అంతస్తు తెర కదిలింది, ఆగింది. కాసేపు నిలబడి, నాకు నేనే నమస్కారం పెట్టుకుని మీటింగ్ వాయిదా వేశాను.

విమానం ఆగస్టులో.