కొరీన్ గోడ

జర్మన్‌టౌన్, ఫిలడెల్ఫియా
14 అక్టోబర్ 2019

చిరంజీవి రెనాటాకు,

నువ్వూ నీ రంగులూ కొత్త ఊళ్లో కుదురుకున్నారని తలుస్తాను. నా ఆశీస్సులు. ఇక్కడి కబురు మంచిది కాదు.

ఇటుకలు గోడ మీది మా అమ్మాయి కొరీన్ గడ్డం దాకా వచ్చాయి. నువ్వు బొమ్మ వేసిన గోడ పక్కనే, ఖాళీ స్థలంలో నాలుగంతస్తుల ఇల్లు లేస్తోంది. మధ్యలో జానెడు సందు. శుక్రవారానికి నోరు కనిపించదు. ఆ పై వారానికి కళ్లు.

చర్చి కింది గదిలో ఆ బొమ్మ వేసిన రోజు గుర్తుందా? పల్చటి గుడ్డను ముక్కలు చేసి, అంకెలు వేసి, రంగులద్ది ఇస్తే గోడకు అంటిస్తానని ఇంటికొకటి పంచావు. నాకు నలభై మూడో ముక్క, కొరీన్ ఎడమ కన్ను. నేను వేసింది చూసి, అది కన్నా కోడిగుడ్డా అని పక్కింటి ఒడెస్సా ఎగతాళి చేసింది. అందరం నవ్వాం. కొరీన్ పోయి అప్పటికి ఐదు నెలలు.

మొన్న శనివారం పాత ఇళ్లు చూసే గుంపు వచ్చింది. వాళ్ల నడక స్వాతంత్ర్య యుద్ధంలో తూటాలు తగిలిన రాతి ఇంటి దగ్గర మొదలై మన గోడ దగ్గర ముగుస్తుంది కదా. ఈసారి గైడు ఆగలేదు. ఒకామె మాత్రం వెనక్కొచ్చి, ఆ పిల్ల ఎవరండీ అంది. మా వీధి పిల్లే అన్నాను.

మేస్త్రీని ఆపమని అడిగాను. ఆపమన్న కాగితం చూపించు పెద్దాయనా, ఇప్పుడే తాపీ కింద పెడతా అన్నాడు. కాగితం ఎక్కడిది? అభ్యంతరాల సమావేశం జూన్‌లోనే అయిపోయింది. మన వీధి నుంచి ఒక్కరూ వెళ్లలేదు. కంచెకు నారింజ రంగు నోటీసు ఉంటేనే కదా తెలిసేది! స్థలం కొన్నవాడు అంటించనే లేదని ఒడెస్సా తిట్టిపోస్తోంది. వీధి పెద్దవి, రోజుకు నాలుగుసార్లు ఆ కంచె పక్కనే నడుస్తావు, నీ కళ్లేమయ్యాయయ్యా అని నన్నూ దులిపింది.

నువ్వు రావద్దు. వచ్చి చేసేదేమీ లేదు.

ఇట్లు,
లెమ్యూయెల్ గాస్కిన్స్

తా.క. నోటీసు అంటించారు. మే ఇరవయ్యో తేదీ పొద్దున నేనే చింపాను. వంటింటి కిటికీ తెరిస్తే కొరీన్. బస్సు దిగితే కొరీన్. తొమ్మిదేళ్లుగా ఇదే. కనబడకుండా పోతే చాలనుకున్నాను. ఆ కాగితం నా కోటు జేబులోనే ఉంది. ఒడెస్సాకు చూపిద్దామని వెళ్లి, చలి ముదిరిందని చెప్పి తిరిగొచ్చాను. నిన్న కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కున్నాను. చీకటి పడేదాకా లేవలేదు.