చింతపండుతో తోమిన నికెల్

బళ్ళారి, 1966 మే, గురువారం

నా పరిశోధన కోసం బొంబాయిలో మూడు నెలలు పడిగాపులు కాసి, ఒకే స్ఫటికంలోంచి కోయించి తెచ్చుకున్న నికెల్ బిళ్ళను ఈరోజు వదిన చింతపండు పెట్టి తోమేసింది.

తప్పు నాదే. బెంగళూరు బండి రేపు కదా, అంతవరకు పిల్లలు ముట్టరని దేవుడి గూట్లో పెట్టాను. శుక్రవారం పూజకని ముందురోజే సామాన్లన్నీ తోముతారని మరిచిపోయాను.

"ఏమప్పా, ఇంత మసకబారిన బిళ్ళను మోసుకొచ్చినావు! ఇప్పుడు చూడు, మొగం కనిపిస్తాండాది," అని చేతిలో పెట్టింది. కొట్టు నుంచి వచ్చిన అన్న కూడా అందులో మీసం చూసుకున్నాడు.

"చానా బాగుంది వదినా," అన్నాను.

ఇంకేం చెప్పను? పాలిష్ చేసినప్పుడు చెదిరిన పై పొర పోవాలని యాసిడ్‌లో ముంచితే వచ్చిన మసక అది. దాని మీదికి ఎలక్ట్రాన్లను వదిలితే పై వరుస పరమాణువులను తాకి వెనక్కి వస్తాయి. ఆ పరమాణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయో తెర మీద పడే చుక్కలు చెబుతాయి. ఇప్పుడు ఆ వరుసే చెదిరిపోయింది. మొహం కనిపిస్తుంది, చుక్కలు కనిపించవు.

శనివారం బెంగళూరులో మా ప్రొఫెసరు ముందు ఎలా నిలబడాలో. మళ్ళీ బొంబాయికి పంపుతాడో, అసలు నన్నే...

అయినా వదిన మీద కోపం రావడం లేదు. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో "ఉద్యోగం ఎప్పుడప్పా" అన్నవాళ్ళే తప్ప, నా పనిని చేతిలోకి తీసుకుని చూసినవాళ్ళు లేరు. ఈరోజు ఆమె ఒక్కతే తీసుకుంది.