రామభజన టేపు

ఏమయ్యా, పైనున్న నీకు ఇది అందదని తెలిసే రాస్తాండా. ఇయ్యాల నీ టేపు మళ్ళీ పాడింది.

ఇంగ్లండు కంపెనీ ఒకటి కువైట్ పిల్లోళ్ళ కోసం అరబ్బీలో చేయించిన కంప్యూటర్ ఆట ఉంది చూడు, సబ్హాన్ గోడౌన్‌లో పాటల క్యాసెట్ల మాదిరి టేపుల మీదికి నువ్వు కాపీలు తీసింది, అదే. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది. దాని చరిత్ర రాసేటామె లండన్ నుంచి కువైట్‌లో నేనుండే జహ్రాకొచ్చింది. ఆ ఆట వాళ్ళ దగ్గర ఒక్కటీ మిగల్లేదంట.

తొంభైలో ఇరాక్ సైనికులు కువైట్ మీద పడి గోడౌన్ దోచుకుంటాంటే, నువ్వు ఆ ఒక్క టేపు చొక్కాలో దాచుకొస్తివి. వాళ్ళు లాక్కోకుండా పైన 'రామభజన' అని రాస్తివి.

"నా గాజులు వదిలేసి ఇదేందయ్యా?" అని తిడితిని.

"నా చేత్తో తీసిన టేపు, వాళ్ళకెందుకిస్తా?" అంటివి.

మనం పారిపోతాంటే జోర్డాన్ దారిలో బస్సు ఆపి, దేవుని పాటలని నువ్వు చెప్పినా, ఒక సైనికుడు దాన్ని బస్సు టేపురికార్డర్లో పెట్టించి విన్నాడు. కీచుమని ఒకటే రొద.

"ఇదేం భజన?"

నువ్వు చేతులు జోడించి, "మా దేవునికి ఇట్లనే ఇష్టం సార్" అంటివి. వాడు చెవులు మూసుకుని, "ఖలాస్, యల్లా", చాలు పోండి అని బస్సును పంపించేసినాడు.

ఇయ్యాల పాత కంప్యూటర్లో పెడితే అదే రొద. అందరూ చెవులు మూసుకున్నారు, నేను తప్ప. కాసేపటికి ఆట తెరమీదికొచ్చింది. చిన్నప్పుడు దాన్ని ఆడి, ఇప్పుడు గడ్డాలు నెరిసిన కువైటీలు పిల్లోళ్ళ మాదిరి ఎగిరినారు.

పుస్తకానికి ఫొటో తీసే ముందు, నీ రాతున్న పైకాగితం పీకేద్దామా అని ఆమె అడిగింది.

"దాని మీద చెయ్యేస్తే ఊరుకోను" అంటి.

ఇంగ్లండోళ్ళ పుస్తకంలో ఇంక నీ చేతిరాతతోనే రామభజన అచ్చయితాది.