తలుపు తీసిందా, లేదా?

జూలై 8, సోమవారం

లైబ్రరీ బీరువా తాళంచెవి ఇవాళ కూడా దొరకలేదు. హెడ్మాస్టర్ రాంచందర్ సార్‌ని అడిగితే, ఉన్నది మేడం, జాగ్రత్తగనే ఉన్నది అన్నాడు. ఎక్కడ ఉందో ఆయనకూ తెలియదు. ఈ బడిలో తెలుగు చెప్పబట్టి పదమూడేళ్ళు. పిల్లల చేతికి పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం ఇచ్చిన పాపాన పోలేదు. ఈ యేడు అట్లా కాకూడదు.

ఇంట్లోంచి నా పాత నవల ఒకటి తీసుకెళ్ళాను. అట్ట లేదు. మొదటి నాలుగు పేజీలు లేవు. పేరేమిటో, రాసిందెవరో నాకూ తెలియదు. నా పదో తరగతిలో మా బాపు దీన్ని రెండుసార్లు పొయ్యిలో పెట్టబోయాడు. వడ్ల బస్తాల వెనక నక్కి చదివాను. తొమ్మిదో తరగతిలో ఎవరికి కావాలి అంటే మూడో బెంచీలోంచి సృజన చేయి చాపింది.

జూలై 19

సృజన పుస్తకం తిరిగి ఇవ్వలేదు. అడిగితే, ఇంట్ల నడుస్తుంది మేడం అన్నది. పుస్తకం నడవడం ఏమిటో.

జూలై 26, సాయంత్రం

చూసొచ్చాను. ఎంత సంతోషంగా ఉందంటే, అన్నం కూడా పెట్టుకోకుండా రాస్తున్నాను.

సృజన వాళ్ళ ఇల్లు బడి వెనక గల్లీలోనే. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. తంబాకు గాటుకు నాకు తుమ్ములే తుమ్ములు. మధ్యలో పీట మీద సృజన, చేతిలో నా నవల. పైకి చదువుతోంది. రెండు కట్టల బీడీలైతే ఒక అధ్యాయం అవుతుందట. నానమ్మ కిష్టవ్వ పెట్టిన లెక్క. నవలలో మంగ అనే ఆమెను మొగుడు వదిలేసి దేశాలు పట్టి పోతాడు. ఆ పేజీ రాగానే బీడీ ఆకు కత్తిరించే కత్తెరలు ఆగిపోయాయి. కిష్టవ్వ చాట పక్కకు పెట్టి, వాని కాళ్ళిరగ అన్నది. మళ్ళొకసారి సదువు బిడ్డా అన్నది. సృజన ఆ పేజీ మళ్ళీ చదివింది. మొదటిసారి కన్నా బాగా చదివింది.

టీవీ లేదా అని అడిగాను. ఉన్నది, దాన్నెవడు జూస్తడు అన్నది కిష్టవ్వ.

ఆగస్టు 23

సృజన తండ్రి మస్కట్‌లో ఉన్నాడు. నాలుగేళ్ళైంది వచ్చి. నవల చివరికి వచ్చేసింది. పన్నెండేళ్ళ తర్వాత మంగ మొగుడు తిరిగొచ్చి తలుపు కొడుతున్నాడు. ఇంకొక్క అధ్యాయం ఉంది. వాకిట్లో మాత్రం పెద్ద పంచాయితీ నడుస్తోందట. తియ్యొద్దని కిష్టవ్వ, తియ్యాలని కోడలు వినోద. నా కొడుకైనా సరే నేనైతె తియ్యనియ్య అన్నదట ముసలామె. అత్తాకోడళ్ళు రెండు రోజులు మాట్లాడుకోలేదు. వాళ్ళు కలిసేదాకా చివరి అధ్యాయం చదవనని సృజన పుస్తకం దాచేసింది.

ఇదంతా నాకు చెప్తూ ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆగస్టు 30

FA-2 పరీక్ష మార్కులకు పిల్లలతో పఠన ప్రతిస్పందన, అంటే చదివిన పుస్తకం మీద సమీక్ష, రాయించాలి. అయిదు మార్కులు. ఒక పిల్లకు ఇంత పని చేసిన నవల క్లాసు మొత్తానికి ఎందుకు చేయదు అనిపించింది. ఒక్కరోజు పుస్తకం అడిగి తీసుకుని ముప్పై నాలుగు జిరాక్స్ సెట్లు తీయించాను. ఆలోచన నాదే. రాంచందర్ సార్ మీదికి తోయడానికి లేదు.

పదో తారీఖులోగా పూర్తి చేసి సమీక్ష ఇవ్వాలని చెప్పాను. సృజన లేచి, మేడం, మాది ఇంక అయిపోలే అన్నది. ఒక్క అధ్యాయమే కదా, నువ్వు చదివేసుకో అన్నాను.

సెప్టెంబర్ 11

చేతులు విరిగిపోతున్నాయి. ముప్పై నాలుగు దిద్దాను. ఒక్కటి తప్ప అన్నీ మూడేసి లైన్లే.

సృజనది రెండు పేజీలు. ఇట్లా రాసింది: "మంగ తలుపు తియ్యొద్దని మా నానమ్మ అన్నది. తియ్యాలని మా అమ్మ అన్నది. నేను మధ్యల కూసొని చదివిన. తీస్తే నాకు భయం. తియ్యకుంటే నాకు ఏడుపొస్తది." ఎర్రపెన్నుతో రెండు పేజీలూ అడ్డంగా కొట్టేశాను. "ఇది సమీక్ష కాదు. ఇంటి ముచ్చట్లు అనవసరం. రచయిత పరిచయం, పాత్రలు, ఇతివృత్తం, నీతి ఏవి? భాష సరిచూసుకో. 2/5."

ఒక నమూనా కూడా బోర్డు మీద రాశాను. రచయిత పేరు నాకే తెలియదు కాబట్టి "ప్రముఖ రచయిత" అని రాయించాను. నీతి దగ్గర "సహనమే స్త్రీకి ఆభరణం" అన్నాను. నోటికొచ్చింది అన్నాను. గంట కొట్టే టైమైంది.

సెప్టెంబర్ 21

నమూనా చూసి అందరూ మళ్ళీ రాసిచ్చారు, సృజన కూడా. అందరికీ 5/5. సృజన చేతిరాత ముత్యాల్లా ఉందని రాంచందర్ సార్ ఆమె కాగితం లామినేషన్ చేయించి గోడకు పెట్టించాడు. పిల్ల నవ్వలేదు. సిగ్గు పడుతోంది అనుకున్నాను.

అక్టోబర్ 17, గురువారం

దసరా సెలవుల తర్వాత బడి మొన్ననే తెరిచారు. మూడో పీరియడ్‌లో కిష్టవ్వ వచ్చింది. చేతులు తంబాకు వాసన. స్టాఫ్‌రూమ్‌లో కుర్చీ చూపిస్తే కింద కూచుంది.

పోరి పుస్తకం ముట్టుకుంటలేదు బిడ్డా అన్నది. నెల రోజులాయె. మేం టీవే పెట్టుకుంటున్నం. ఆఖరుకు ఏమైందే అంటె, అయిపోయింది నానమ్మ, నీతి ఏందంటె సహనం అంటది. నీతి నాకెందుకే, ఆమె తలుపు తీసిందా లేదా చెప్పు అన్న. ఏమన్నదో ఎరికేనా మేడం, గదైతె సమీక్షల అడుగరు నానమ్మ అన్నది.

ఎప్పుడో పదో తరగతిలో చదివిన ముగింపు నాకూ గుర్తు లేదు. కిష్టవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. జర నువ్వన్న వచ్చి సదువు అని మాత్రం అన్నది.

ఆమె పోయాక గోడ మీదిదానితో కలిపి ముప్పై నాలుగు కాగితాలూ చూశాను. తలుపు సంగతి ఒక్కరూ రాయలేదు. రాసిన ఒక్కదానిదీ నేనే కొట్టేశాను.

నవంబర్ 10, ఆదివారం

పోవడానికి మూడు వారాలు పట్టింది. సిగ్గు. SA-1 పరీక్ష పేపర్లు దిద్దాలని సాకు.

అవే చాటలు, ఆ నలుగురే. నవల గూట్లోంచి కిష్టవ్వే తెచ్చింది. చివరి అధ్యాయం పేజీలు ఎప్పటి జిగురుకో అంటుకునే ఉన్నాయి. సృజన తెరవనే లేదు. జిరాక్స్‌లో కూడా ఆ పేజీలు రాలేదన్నమాట. నేనూ చూసుకోలేదు. క్లాసంతా లేని ముగింపుకు నీతి రాసింది, నేను అయిదేసి మార్కులు వేశాను. థూ నా బతుకు.

సూదితో మెల్లగా విడదీసి చదవడం మొదలుపెట్టాను. మొదట గొంతు పాఠం చెప్పినట్టే వచ్చింది. తర్వాత కొంచెం నయం. మంగ లేచి దీపం సరిచేసింది. తలుపు దగ్గరికి నడిచింది. గడియ మీద చేయి వేసింది. కత్తెరలు ఆగాయి. వినోద కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు సృజన లోపలినుంచి వచ్చింది. పీట లాక్కుని నా పక్కనే కూచుంది. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత చూశాను, ఒళ్ళో నోట్‌బుక్ ఉంది. పెన్ను మూత తీసి ఉంది.

మేడం, గిది గూడ రాసియ్యాల్నా అని అడిగింది.

వద్దు బిడ్డా, ఊరికే విను అన్నాను. సరే మేడం అన్నది. పెన్ను మూత పెట్టలేదు. నేను ఎంత ప్రయత్నించినా ఆ తర్వాతి వాక్యం చదవలేకపోయాను. దగ్గు వచ్చిందని చెప్పి, వచ్చే ఆదివారం వస్తానని లేచాను. కిష్టవ్వ చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

నవంబర్ 17, ఆదివారం

వెళ్ళలేదు.

నవంబర్ 20

స్టాఫ్‌రూమ్‌లో నా టేబుల్ మీద నవల ఉంది. సృజన పెట్టిపోయిందట. దానికి బ్రౌన్ అట్ట వేసింది, అంచులు చక్కగా మడిచి. లేబుల్ మీద ముత్యాల్లాంటి అక్షరాలు: పేరు సృజన, తరగతి 9-ఎ, సబ్జెక్టు తెలుగు.

తలుపు సంగతి కిష్టవ్వకు ఇంకా ఎవరూ చెప్పలేదు.