మక్కాను దాటి వచ్చిన పిల్ల

28 ఏప్రిల్

ఇంకొకరి ఆడపిల్లకు నీ నోటిమాట పూచీగా ఇచ్చావా ఎప్పుడైనా? ఇవ్వకపోతే నోరెత్తకు. నేను ఇవాళ ఇచ్చాను.

నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీ ఆడపిల్లల ఇస్తాంబుల్ స్టడీ ట్రిప్‌కు అన్ని ఇళ్లలోనూ పర్మిషన్ దొరికింది. నౌరీన్ తండ్రి అబ్దుల్ వాహెద్ భాయ్ ఒక్కడే మొండికేశాడు. పత్తర్‌గట్టిలో ఆయన బట్టల దుకాణానికే వెళ్లాను. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఖురాన్ తీసి, భూమ్మీద తిరిగి చూడమన్న ఆయత్ మీద వేలు పెట్టి ధర్మబోధలా బయాన్ చేశాను. బేరాలు ఆగిపోయాయి. నన్ను ఏ మదర్సా చదివించలేదు, తర్జుమా ముందు పెట్టుకుని ఒంటరిగా నేర్చుకున్నాను. అందుకే నా గొంతు పెద్దది.

ఆఖరికి ఆయన, మీ జబాన్ మీద పంపుతున్న ఆపా, ఎట్ల పోతదో గట్లనే రావాలె, కొత్త ఫితూర్, పిచ్చి తలకెక్కితే జిమ్మా మీదే అన్నాడు. ఇంటర్ అయిపోయింది, ఇగ చదువు బస్ అని కూడా అన్నాడు.

జిమ్మా నాదే, పూచీ నాదే అన్నాను.

2 మే, ఎయిర్‌పోర్ట్

ప్రిన్సిపాల్ నాగమణమ్మ గారు సాగనంపడానికి వచ్చారు. మేడం, ఆడ గూడ బయాన్ షురూ చేయకుండ్రి, పిల్లలను జర చూడనియ్యిండ్రి అని నవ్వారు. నేను నవ్వలేదు.

3 మే, ఇస్తాంబుల్

నీళ్లు. పక్షులు. నిద్రలో ఉన్నానో మేలుకునే ఉన్నానో.

4 మే, సాయంత్రం మగ్రిబ్ నమాజ్ తర్వాత

ఏం జరిగిందో రాయాలి.

రూమ్ కిటికీలో ఆకాశం ఎర్రగా ఉంది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో నమాజ్ అంటే మక్కా వైపు, అంటే పడమర. ఎవర్నీ అడగలేదు, ఆ ఎరుపు వైపే జానిమాజ్ చాపలు పరిపించి ముందు నిలబడ్డాను. చివరి సలాంకు తల తిప్పి చూస్తే నౌరీన్ ఒక్కతే వేరే గోడకు తిరిగి కూర్చుంది. ఏందే ఈ లొల్లి, నీకు వేరే ఖిబ్లా దిక్కు దిగిందా అని అరిచాను.

పిల్ల భయపడలేదు. ఆపా, మక్కా మనకు పడమర, ఈడోళ్లకు కాదు అంది. విమానంల మనం మక్కా కంటె గూడ పడమటికి వచ్చేసినం, ఇప్పుడది మన ఎనక, దక్షిణం దిక్కు ఉన్నది అని, గాలిలో వేలితో భూమి గుండ్రంగా గీసి చూపించింది. పక్కనున్న ఇంకో పిల్ల ఆఫియా కిసుక్కున నవ్వింది, ఆపా మక్కాకు ఈపు పెట్టిచ్చింది అని.

కింద హోటల్ కౌంటర్‌లో అడిగాను. నౌరీన్ చెప్పిందే నిజం.

జానిమాజ్‌లు తిప్పి అందరం మళ్లీ నమాజ్ చదివాం. సజ్దాలో నుదురు ఆనినప్పుడు నేల మెల్లగా తిరుగుతున్నట్టు అనిపించింది. లేవబుద్ధి కాలేదు.

6 మే

ఫెర్రీలో మిగతావాళ్లు సెల్ఫీలు. నౌరీన్ రెయిలింగ్ పట్టుకుని, ఆపా, పైనీళ్లు ఒక దిక్కు, అడుగునీళ్లు ఇంకో దిక్కు పోతయట అంది. నాకు జాగ్రఫీ చదవాలనున్నది, అబ్బాకు మీరే చెప్పాలె అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఒడ్డు మబ్బులా కరిగిపోతోంది. ఈ పిల్ల వచ్చినట్టు తిరిగి వెళ్లదు. ఆ సంగతి నాకు, నీళ్లకు, ఆమెను పుట్టించినవాడికి తెలుసు.

11 మే

ఇల్లు. వాహెద్ భాయ్ మిఠాయి డబ్బా పంపాడు. ఎట్ల తీస్కపోయిన్రో గట్లనే తెచ్చిన్రు, షుక్రియా అని ఫోన్‌లో అన్నాడు.

మైకు లేకుండా మూడు గల్లీలకు వినిపించే నేను ఒక్క మాట అనలేదు.

15 మే

ఆడవాళ్ల ఇజ్తెమా సభలో నౌరీన్ తల్లి ఇక్బాలున్నీసా నా మోకాలు పట్టుకుంది. చదువుకుంట అని పిల్ల అన్నం ముట్టుతలేదు ఆపా, మీరు చెప్తె ఆయన ఇంటడు అంది. సత్యాన్ని దాచకండి అని అప్పుడే బయాన్ ముగించి ఉన్నాను.

19 మే, తెల్లవారి ఫజ్ర్ నమాజ్ వేళ

నాగమణమ్మ గారి మెసేజ్. నౌరీన్ డిగ్రీ జాగ్రఫీ సీటుకు ఇయ్యాలే ఆఖరు, తండ్రి వచ్చి నిలబడాలె.

కలలో నేను బయాన్ చేస్తున్నాను, వినేవాళ్లంతా చేపలు.

లే. బుర్ఖా తొడుక్కో. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నానని వాహెద్ భాయ్ మొహం మీదే చెప్పు. ఆయన చెయ్యి పట్టుకునైనా కాలేజీకి తీసుకుపో. రేపు కాదు. ఇవాళ, ఇప్పుడే, నడు.