అమీనా వస్తే తలుపు తియ్యి

ఫర్వానియా, కువైట్

ఓబులమ్మకు, నేనూ బిడ్డా, దాని పాపా బాగానే ఉన్నాము. ఫోన్‌లో చెబితే ఏడుపు మొదలుపెట్టి మాట విననియ్యవు. అందుకే కార్డు రాసి, ఊరికొచ్చే జావీద్ చేతికిచ్చాను.

మన భాగ్యతో తనకు పెళ్లే కాలేదని అల్లుడు ఇక్కడి కోర్టులో చెప్పాడు. ఆ మాట నిలిస్తే పాపకు తండ్రి పేరుండదు. పెళ్లి మన దేశంలో జరిగింది గనుక మన చట్టం ప్రకారమే చూస్తామన్నాడు జడ్జి. తాళి కట్టి అగ్గి చుట్టూ తిరిగారని చెప్పాను.

"తిరిగితే పెళ్లయిపోతుందా?" అని హిందీ చెప్పేవాడితో అడిగించాడు.

"మీకు సంతకం పెడితే అయినట్టు, మాకు తిరిగితే అయినట్టు సామీ" అన్నాను. నవ్వకుండా రాయించుకున్నాడు. ఇంకో సాక్షి కావాలంటే నీ పేరిచ్చాను. నిన్ను అడిగి చెప్పమని రాయచోటి కోర్టుకు రాశారు.

ఆ కాగితం తెచ్చిన కోర్టు అమీనాకు నువ్వు తలుపు సందులోంచి "ఇంట్లో ఎవురూ లేరు, పో నాయనా" అన్నావంట! ఎవరూ లేకపోతే ఆ మాట చెప్పిందెవరే? ఇక్కడ వాయిదా పడింది.

బర్రె ఈనిందా? వసారా రేకులు బిగించారా? జావీద్‌తో చింతపండు పంపు.

అమీనా మళ్లీ వస్తాడు. మంచమేసి కూర్చోబెట్టి మజ్జిగియ్యి. కోర్టులో చూసింది చూసినట్టు చెప్పు. అంపకాలప్పుడు బండి వెంట ఊరి బయటిదాకా ఏడుస్తూ పోయావే, అదీ చెప్పు. పెళ్లి కాని బిడ్డ కోసం ఏ తల్లీ అట్లా ఏడవదు.

పాపకు నీ ముక్కే వచ్చింది. చల్లగా ఉండు.

చెన్నప్ప